సాక్ష్యం ఒక అమానత్

సకల స్తోత్రాలు న్యాయమూర్తులందరికీ న్యాయమూర్తి అయిన అల్లాహ్‌కే. ఆయన ప్రియప్రవక్త ముహమ్మద్ (స)పై, వారి కుటుంబీకులపై, సహచరులందరిపై శాంతి శుభాలు కురియుగాక!

ధార్మిక సోదరులారా!

గత జుమా నాడు నమాజు ముగిసి జనం వెళ్లిపోయిన తరువాత, మన జమాత్‌కు చెందిన ఒక యువకుడు వుజూ ఖానా దగ్గర నా కోసం వేచి ఉన్నాడు. అతని చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి ఉంది. అది కోర్టు నుంచి వచ్చిన సమను. ఒక క్రిమినల్ కేసులో సాక్షిగా హాజరు కావాలని అందులో రాసి ఉంది. "హజ్రత్, ఇరువైపుల వాళ్లూ ఇంటికి వస్తున్నారు. ఒకరు చూశానని చెప్పమంటున్నారు, మరొకరు చూడలేదని చెప్పమంటున్నారు. అబ్బాజాన్ అసలు వెళ్లనే వద్దంటున్నారు. నేనేం చేయాలి?" అని అడిగాడు.

ఆ కేసు ఏదో, ఎవరిదో ఇక్కడ చెప్పను. న్యాయస్థానంలో ఉన్న వ్యవహారాన్ని మింబర్ మీద నుంచి తేల్చే అధికారం నాకు లేదు, మీకూ లేదు. అయితే ఆ యువకునికి ఆ రోజు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ముప్ఫై ఏళ్లుగా ఫిఖ్‌హ్ చదువుతూ, చదివిస్తూ ఉన్నవాణ్ణి, ఆ చిన్న ప్రశ్న ముందు తడబడ్డాను. ఎందుకు తడబడ్డానో ఈ రోజు మీ ముందు చెప్పదలచుకున్నాను.

దివ్య ఖుర్ఆన్‌లోని నిసా సూరా 135వ ఆయత్‌లో అల్లాహ్ విశ్వాసులకు ఇచ్చిన ఆదేశం మీరు అనేకసార్లు విని ఉంటారు. న్యాయంపై స్థిరంగా నిలబడి, అల్లాహ్ కోసమే సాక్ష్యం పలకమన్నాడు. ఆ సాక్ష్యం మీకే నష్టం కలిగించినా, మీ తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకమైనా వెనుకాడవద్దన్నాడు. ఎదుటివాడు ధనవంతుడా, పేదవాడా అని చూడవద్దన్నాడు. మాట మెలితిప్పడాన్నీ, ముఖం చాటేయడాన్నీ అదే ఆయత్‌లో హెచ్చరించాడు. ఈ చివరి రెండింటినీ గమనించండి. పచ్చి అబద్ధం ఒక్కటే పాపం అనుకుంటాం మనం. నిజాన్ని మెలిపెట్టి చెప్పడం, పిలిస్తే రాకుండా తప్పించుకోవడం కూడా అక్కడే ఉన్నాయి. బఖరా సూరా 283వ ఆయత్‌లోనయితే, సాక్ష్యాన్ని దాచేవాని హృదయమే పాపిష్టిదని తెలిపాడు. నాలుక చేసిన తప్పుకు హృదయాన్ని పట్టుకున్నాడు.

ఈ ఆయత్‌లు ఆకాశంలో అమలు కావు. గద్వాలలో, వనపర్తిలో, నాగర్‌కర్నూలులో, ఆలంపూర్, ఆత్మకూరు, కొల్లాపూర్, అచ్చంపేట, కల్వకుర్తి కోర్టుల్లో ఉదయం పదిన్నరకు అమలు కావాలి. కనుక అక్కడ ఏం జరుగుతుందో తెలియాలి. మనలో చాలామందికి కోర్టు అంటే సినిమాలో చూసినదే తెలుసు. కోర్టు మెట్లు ఎక్కకపోవడాన్ని ఒక గౌరవంగా చెప్పుకునే ఊళ్లు మనవి.

ఒకప్పుడు ఆ మెట్లు దూరంగానే ఉండేవి. పాలమూరు ఉమ్మడి జిల్లాగా ఉన్న రోజుల్లో జిల్లా కోర్టు పని అంటే మహబూబ్‌నగర్ బస్సు ఎక్కవలసిందే. 2016 అక్టోబర్ 11న మన మూడు జిల్లాలు వేరుపడ్డాయి. 2022 జూన్ 2న కొత్త జిల్లాలకు జిల్లా న్యాయస్థానాలు వచ్చాయి. దూరం తగ్గింది. భయం మాత్రం తగ్గలేదు.

ఇక్కడ ఒక మాట. కోర్టు భాషలో సగం మన ఇంటి భాషే. వకీలు, ఫిర్యాదు, జామీను, హాజరు, పేషీ, దావా, జప్తు, దరఖాస్తు, ఇవన్నీ అరబీ, ఫార్సీ నుంచి ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చినవే. అందులో ఒక మాట మాత్రం దారిలో తలకిందులైంది. అరబీలో ముద్దఈ అంటే దావా వేసేవాడు, ఆరోపించేవాడు. ఎవరి మీద ఆరోపణ ఉందో అతడు ముద్దఆ అలైహ్. తెలుగులో 'అలైహ్' ఎక్కడో రాలిపోయింది. ముద్దాయి అంటే ఇప్పుడు నేరం మోపబడినవాడు. మదర్సాలో మేము చదివిన మూల సూత్రం ఏమిటంటే, రుజువు చూపవలసిన బాధ్యత ముద్దఈది. అంటే ఆరోపించేవానిది. తెలుగు అర్థంతో ఆ వాక్యాన్ని వింటే, రుజువు చూపవలసింది నిందితుడే అని తోస్తుంది! భాషలో జరిగిన ఈ పొరపాటు మన బుర్రల్లోనూ జరిగింది. ఒకణ్ణి పోలీసులు తీసుకువెళ్లారని తెలియగానే, "నిప్పు లేనిదే పొగ రాదు" అంటాం. నిర్దోషివైతే నిరూపించుకో అంటాం. దైవప్రవక్త (స) నేర్పిన న్యాయం అది కాదు. ఈ దేశపు చట్టం చెప్పేదీ అది కాదు.

నేరం జరిగిందని ఫిర్యాదు అందగానే పోలీసులు ఎఫ్.ఐ.ఆర్. రాస్తారు. దాని ప్రతిని ఫిర్యాదు చేసినవానికి ఉచితంగా ఇవ్వాలి. ఎవరినైనా అరెస్టు చేస్తే ఇరవై నాలుగు గంటలలోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఇది రాజ్యాంగం 22వ అధికరణం ఇచ్చిన హక్కు. మేజిస్ట్రేటు రిమాండుకు పంపవచ్చు, జామీను ఇవ్వవచ్చు. నేరం తీవ్రతను బట్టి అరవై లేక తొంభై రోజులలోగా చార్జిషీటు రాకపోతే, జామీను కోరే హక్కు నిందితునికి వస్తుంది. 2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత, దానితోపాటు మరి రెండు కొత్త చట్టాలు అమలులోకి వచ్చాయి. సెక్షన్ల నంబర్లు మారాయి గానీ నేను చెప్పిన ఈ మెట్లు అలాగే ఉన్నాయి. చిన్న కేసులు మేజిస్ట్రేటు కోర్టులో, హత్యల వంటివి సెషన్స్ కోర్టులో నడుస్తాయి. సెషన్స్ న్యాయమూర్తి మరణశిక్ష విధించినా హైకోర్టు ధ్రువీకరించనిదే అది అమలు కాదు.

ఇంతవరకు కాగితం పని. అసలు విషయం ఇక్కడినుంచి మొదలవుతుంది.

న్యాయమూర్తి నేరం జరిగిన చోట లేడు. ఆయన ఏదీ చూడలేదు. పోలీసులు దర్యాప్తులో రాసుకున్న సాక్షి వాంగ్మూలం మీద సాక్షి సంతకం ఉండదు. అది తనంతట తానుగా సాక్ష్యం కాదు. కోర్టులో సాక్షి చెప్పేదానికీ, మొదట చెప్పినదానికీ పొంతన ఉందా అని నిలదీయడానికి మాత్రమే అది పనికి వస్తుంది. నిందితుడు పోలీసుల ఎదుట నేరం ఒప్పుకున్నాడని చెప్పినా, ఆ ఒప్పుకోలుతో నేరం రుజువైపోదు. కొట్టి ఒప్పించవచ్చు కనుకనే చట్టం ఆ తలుపు మూసింది. కాబట్టి చివరికి మిగిలేది ఏమిటి? వైద్యుని నివేదిక వంటివి కొన్ని, వాటితోపాటు బోనులో నిలబడి ప్రమాణం చేసి ఒక మనిషి చెప్పే మాట. న్యాయమూర్తికి కళ్లు ఆ సాక్షే. ఆ కళ్లు మూసుకుంటే ఎంత నిజాయితీ గల న్యాయమూర్తి అయినా చీకట్లోనే తీర్పు రాయాలి.

ఒక రోజు వెళ్లి కోర్టు ఆవరణలో కూర్చోండి. తలుపు దగ్గర అటెండర్ పేర్లు పిలుస్తూ ఉంటాడు. కోర్టు పని చూసే కానిస్టేబుల్ చేతిలో జాబితా పట్టుకుని ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అని వెతుకుతుంటాడు. సర్కారు తరఫున వాదించే ప్రాసిక్యూటర్ ముందు ఒకే రోజు పది పన్నెండు కట్టలుంటాయి. చెట్టు కింద ఒక తల్లి టిఫిన్ డబ్బా పెట్టుకుని ఉంటుంది, కొడుకును జైలు నుంచి తెస్తారని. కూలి పోగొట్టుకుని వచ్చిన సాక్షి ఉంటాడు. సాయంత్రం వరకు కూర్చున్న తరువాత వాయిదా పడిందని అతనికి చెబుతారు. రెండు సార్లు, మూడు సార్లు ఇలా జరిగితే నాలుగోసారి అతడు రాడు. అతణ్ణి తప్పు పట్టేముందు మన వ్యవస్థలో ఈ లోపం ఉందని ఒప్పుకోవాలి. సాక్షికి దారి ఖర్చు ఇవ్వాలని నియమం ఉంది. అడగాలని చాలామందికి తెలియదు, అడిగినవారికి వెంటనే అందదు.

ఇక నా సంగతి.

సుమారు పాతికేళ్ల క్రితం, మదర్సా చదువు ముగించుకుని, ఈ ప్రాంతంలోనే ఒక చిన్న పట్టణంలో ఇమామత్ చేస్తున్నాను. ఒక రోజు మగ్రిబ్ తరువాత మార్కెట్ యార్డు పక్కనుంచి వస్తున్నాను. వేరుశనగ సీజను. కూలి డబ్బుల దగ్గర మాట పెరిగి, మన వారిలో ఒకతను ఒక హమాలీని బస్తాలు ఎత్తే కొక్కెంతో కొట్టాడు. నా కళ్లముందే కొట్టాడు. దీపం వెలుగులో ముఖం స్పష్టంగా చూశాను. పోలీసులు అడిగితే చూసింది చూసినట్టు చెప్పాను. ఏడాదిన్నర తరువాత సమను వచ్చింది.

వాయిదాకు ముందు రాత్రి జమాత్ పెద్దలు నలుగురు నా గదికి వచ్చారు. బెదిరించలేదు. చాయ్ తెప్పించారు. అతనికి ముగ్గురు ఆడపిల్లలున్నారని, పెద్దదానికి సంబంధం కుదిరిందని చెప్పారు. మనవాడికి వ్యతిరేకంగా మన ఇమామే సాక్ష్యం చెబితే లోకం ఏమంటుంది అన్నారు. వెళ్లేటప్పుడు ఒకాయన, "మౌలానా సాబ్, జీతం కమిటీ ఇస్తుంది కదా" అన్నారు, నవ్వుతూనే.

మరునాడు కోర్టులో దేవుని పేరిట ప్రమాణం చేశాను. చీకటి పడింది, సరిగా కనిపించలేదు అన్నాను. ప్రాసిక్యూటర్ ఒక్క క్షణం నావైపు చూసి, న్యాయమూర్తి అనుమతి తీసుకుని నన్ను ఎదురు తిరిగిన సాక్షిగా ప్రకటించమని కోరారు. పోలీసులకు ఇలా చెప్పారు కదా అని అడిగారు. చెప్పలేదు అన్నాను. రెండో అబద్ధం మొదటిదానికంటే తేలికగా వచ్చింది. తక్కిన ఇద్దరు సాక్షులు కూడా నా దారిలోనే నడిచారు. కొన్నాళ్లకు సంశయ లాభం కింద కేసు కొట్టివేశారు.

ఆ రోజు కోర్టు బయట వేపచెట్టు కింద ఆ హమాలీ నిలబడి ఉన్నాడు. అతని కుడిచేతి రెండు వేళ్లు వంగేవి కావు. అతడు తిట్టలేదు. "మీరన్న నిజం జెప్తరనుకున్న సాబ్" అని మాత్రం అన్నాడు.

సోదరులారా! హిదాయా గ్రంథంలో కితాబుష్షహాదాత్ నాకు కంఠస్థం. దాని తరువాత, ఇచ్చిన సాక్ష్యం నుంచి వెనుదిరిగిన వారి గురించి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. తప్పుడు సాక్ష్యం వల్ల ఒకనికి నష్టం జరిగి, సాక్షి తరువాత ఆ తప్పు ఒప్పుకుంటే, ఆ నష్టపరిహారం సాక్షి మీదే పడుతుందని ఫుఖహాలు రాశారు. ఆ పాఠం అప్పటికే నేను పిల్లలకు చెబుతున్నాను. చదువు లేక చేసిన తప్పు కాదది.

తౌబాకు తలుపు తెరిచే ఉంటుంది. కానీ దాసుల హక్కు విషయంలో ఆ దాసుడు క్షమించాలి. ఏడెనిమిదేళ్ల తరువాత ధైర్యం చేసి అతని ఊరు వెళ్లాను. ఇంటికి తాళం ఉంది. కుటుంబంతో సహా ముంబైకి వలస పోయాడన్నారు. మళ్లీ రెండుసార్లు వెళ్లాను. మూడోసారికి ఆ ఇంటి గోడ కూలి ఉంది. అతని పేరిట నాకు చేతనైనంత సదఖా ఇస్తూ ఉన్నాను. అది నా మనసుకు ఊరట. అతనికి ఇవ్వవలసింది ఇంకా నా మీదే ఉంది. ఆ యువకుడు సమను చూపినప్పుడు నాకు ఆ వేళ్లు గుర్తుకు వచ్చాయి.

మహాపాపాలను గురించి చెబుతూ దైవప్రవక్త (స) ఆనుకుని కూర్చుని ఉన్నారని, అబద్ధపు సాక్ష్యం ప్రస్తావన రాగానే నిటారుగా లేచి కూర్చున్నారని, ఇక ఆపితే బాగుండునని సహచరులు అనుకునేంతగా ఆ మాటను మళ్లీ మళ్లీ పలికారని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉంది. షిర్క్ గురించీ, తల్లిదండ్రులను బాధించడం గురించీ చెప్పినప్పుడు ఆనుకునే ఉన్నారు. దీనికి లేచి కూర్చున్నారు. ఎందుకని ఉలమాలు చాలా రాశారు. నాకు తోచింది ఒకటే. తక్కిన పాపాలను మనిషి పాపమని ఎరిగే చేస్తాడు. అబద్ధపు సాక్ష్యాన్ని మాత్రం చాలాసార్లు సహాయమనీ, మొహమాటమనీ, బిరాదరీ మర్యాద అనీ పేరు పెట్టుకుని చేస్తాడు. నేనలాగే చేశాను.

మరో హదీసులో ఆయన (స) తానూ మనిషినేనని, వాదులాడుకునే ఇద్దరిలో ఒకరు ఎక్కువ నేర్పుగా మాట్లాడవచ్చునని, విన్నదాన్ని బట్టి తాను తీర్పు చెబుతానని, ఆ విధంగా సోదరుని హక్కులోనిది తన తీర్పు వల్ల ఎవరికైనా దక్కితే అది నిప్పు తునకేనని హెచ్చరించారు. ప్రవక్త న్యాయస్థానంలోనే ఇది సాధ్యమైతే, మన న్యాయస్థానాల సంగతి చెప్పాలా? కోర్టులో గెలిచాను కనుక అల్లాహ్ దగ్గర కూడా గెలిచినట్టే అనుకునేవారు ఈ హదీసును ఒంటరిగా కూర్చుని ఆలోచించాలి.

సాక్షి మాట మారిస్తే ఏమవుతుందో మన దేశం మొత్తం చూసిన కేసు ఒకటి ఉంది. 2002 మార్చి 1న గుజరాత్‌లోని వడోదరలో బెస్ట్ బేకరీ అనే చోట 14 మందిని చంపారు. 2003 జూన్‌లో సాక్షులు ఎదురు తిరగడంతో 21 మంది నిందితులూ విడుదలయ్యారు. ప్రాణభయంతో అబద్ధం చెప్పానని ముఖ్య సాక్షి అయిన యువతి బయటికి వచ్చి చెప్పింది. సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లో ఆ విచారణను పక్కనపెట్టి, గుజరాత్ వెలుపల, మహారాష్ట్రలో మళ్లీ విచారించమంది. 2006 ఫిబ్రవరిలో ముంబై కోర్టు 9 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. కానీ మధ్యలో ఆ యువతి మళ్లీ మాట మార్చింది. 2006 మార్చిలో సుప్రీంకోర్టు కోర్టు ధిక్కారం కింద ఆమెకే ఏడాది జైలు శిక్ష విధించింది. తన వాళ్లను పోగొట్టుకున్న పిల్ల జైలుకు వెళ్లింది. ఆమెను నిందించడానికి నాకు నోరు రాదు. పాతికేళ్ల క్రితం నలుగురు పెద్దలు చాయ్ తాగించినందుకే నేను లొంగిపోయాను. ఆమె మీద ఎంత బరువు పడి ఉంటుందో! ఇలాంటి కేసుల తరువాతనే సాక్షుల రక్షణ పథకాన్ని 2018 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆమోదించింది. బెదిరింపు వస్తే సాక్షి స్వయంగా రక్షణ కోరవచ్చు. ఇది కూడా మనలో ఎందరికో తెలియదు.

"మనవాడు" అన్న మాట దగ్గరకు మళ్లీ వస్తాను. అసలు రోగం అక్కడ ఉంది.

మదీనాలో జరిగిన ఒక సంఘటనను ముఫస్సిర్లు నిసా సూరా 105వ ఆయత్ నుంచి వచ్చే భాగానికి నేపథ్యంగా రాశారు. బనూ జఫర్ తెగకు చెందిన, పైకి ముస్లిముగా చలామణి అయ్యే ఒకడు ఒక కవచాన్ని దొంగిలించాడు. పట్టుబడతానని తోచి, దాన్ని ఒక యూదుని ఇంట ఉంచి, దొంగ అతడే అన్నాడు. తెగ వాళ్లంతా కలిసి దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి తమ వాని పక్షాన వాదించారు. చూడటానికి ఒకవైపు కలిమా చదివినవారి గుంపు, మరొకవైపు ఒంటరి యూదుడు. అప్పుడు అల్లాహ్ నుంచి ఆయత్‌లు దిగాయి. ద్రోహుల పక్షాన వాదించవద్దని తన ప్రవక్తకే తెలిపాడు. చేసిన పాపాన్ని నిర్దోషి మీద మోపడం ఎంతటి ఘోరమో చెప్పాడు. ఆ యూదుడు నిర్దోషిగా నిలిచాడు. మన ధర్మాన్ని అంగీకరించని ఒక మనిషి కోసం దిగిన ఆ ఆయత్‌లను మనం ఈ రోజుకీ నమాజులో చదువుతున్నాం. అది చదివి, సలాం తిప్పి, కోర్టుకు వెళ్లి బిరాదరీ పక్షాన సాక్ష్యం చెబితే ఎలా?

అలాగని రెండో వైపు మరచిపోరాదు. నిందితుడు కూడా మనిషే. అతని హక్కులు కూడా అమానతే. 2022 చివరినాటికి దేశంలోని జైళ్లలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురిపై నేరం ఇంకా రుజువు కాలేదు. జనాభాలో మన వాటా కంటే ఆ లెక్కలో మన వాటా ఎక్కువ. వకీలును పెట్టుకోలేక, పూచీకత్తు ఇచ్చే మనిషి దొరకక లోపలే ఉండిపోయినవారు వారిలో ఎందరో. నిర్బంధంలో ఉన్నవానికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెబుతోంది. స్త్రీలకూ, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారికీ అంతే. ప్రతి జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. 15100 నంబరుకు ఫోను చేసినా చాలు. ఈ నంబరును మస్జిద్ గోడ మీద నమాజు వేళల పక్కన రాయించమని కమిటీని కోరాను.

మన పిల్లల్లో ఒకరిద్దరు ఇప్పుడు వకీళ్లయ్యారు, మాషా అల్లాహ్. వారిలో ఒకరు నాతో బాధపడ్డారు. దొంగ పక్షాన వాదిస్తావా అని ఇంట్లోనే అంటున్నారట. అతడు దొంగో కాదో తేల్చడానికే కదా కోర్టు ఉన్నది! రెండో పక్షం మాట వినకుండా తీర్పు చెప్పవద్దని దైవప్రవక్త (స) హజ్రత్ అలీ (రజి)కి నేర్పారు. ఆ రెండో పక్షానికి మాట ఇచ్చేవాడే వకీలు. అబద్ధపు సాక్షిని తయారు చేస్తే పాపం గానీ, రుజువును గట్టిగా పరీక్షించడం పాపం కాదు.

2007 మే 18న, శుక్రవారం, హైదరాబాద్ మక్కా మస్జిద్‌లో జుమా వేళ పేలుడు జరిగింది. ఆ తరువాత మన యువకులను పలువురిని పట్టుకుపోయారు. నెలల తరబడి జైలులో మగ్గిన తరువాత, నేరం రుజువు కాలేదని న్యాయస్థానం వారిని విడిచిపెట్టింది. అప్పుడు మనం అల్‌హమ్దులిల్లాహ్ అన్నాం. 2018 ఏప్రిల్ 16న ఆ పేలుడు కేసులోనే విచారణ ఎదుర్కొన్న ఐదుగురిని ప్రత్యేక న్యాయస్థానం నిర్దోషులుగా ప్రకటించింది. అప్పుడు మన గుండెలు మండాయి. ఆ మంట నాకూ తెలుసు. నమాజుకు వెళ్లి తిరిగి రాని వారి రక్తానికి ఈ లోకంలో జవాబు దొరకలేదు. అయినా రుజువు లేనిదే శిక్ష లేదన్న నియమం మన పిల్లలను ఇంటికి పంపినప్పుడు మంచిదై, ఇతరులను పంపినప్పుడు చెడ్డదైపోదు. ఆ రోజు మనం అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. దర్యాప్తు ఎలా జరిగింది, అంతమంది సాక్షులు ఎందుకు మాట మార్చారు అని. ఆ ప్రశ్న అడిగే అర్హత, మన ఊళ్లో మన సాక్షులు మాట మార్చనప్పుడే మనకు ఉంటుంది.

అదే 2018లో మన దగ్గర జరిగింది కూడా గుర్తు చేసుకోండి. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వీడియోలు వచ్చాయి. గద్వాల, వనపర్తి పల్లెల్లో జనం సాయంత్రానికే తలుపులు వేసుకున్నారు. కొత్త మనిషి కనబడితే అనుమానం. అప్పుడు ఈ రెండు జిల్లాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు పోలీసులను దాదాపు నాలుగు వందల గ్రామాలకు పంపి, డప్పు కొట్టించి, పాటలు పాడించి, అది అబద్ధమని ఇంటింటికీ చెప్పించారు. దేశంలో ఎన్నో చోట్ల ఆ వదంతికి అమాయకులు బలి అయ్యారు. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో, రమజాన్ మాసంలో, ఒక హిజ్రాను గుంపు కొట్టి చంపింది. మన రెండు జిల్లాల్లో ఆ పేరిట ఒక్క ప్రాణం పోలేదు. వార్త వస్తే విచారించండన్న హుజురాత్ సూరా 6వ ఆయత్‌ను మనం మింబర్ మీద చదువుతూ ఉన్నాం. ఆ వేసవిలో డప్పు కొట్టేవారు దాన్ని వీధుల్లో అమలు చేశారు. గుంపు కూడా ఒక కోర్టే. అక్కడ ప్రాసిక్యూటరూ, సాక్షీ, న్యాయమూర్తీ, తలారీ అందరూ ఒక్కరే. వకీలు మాత్రం ఉండడు.

కోర్టు ఆలస్యం చేస్తుందని మనం విసుక్కుంటాం. ఆ విసుగు న్యాయమైనదే. ఒక చిన్న కొట్లాట కేసు ఐదారేళ్లు సాగడం నేనూ చూశాను. రాజీకి చట్టం అనుమతించే చిన్న నేరాలలో లోక్ అదాలత్‌కు వెళ్లి సలహాతో తేల్చుకోవడం మేలు. సంధి చేసుకోవడం మన ధర్మంలో గొప్ప పుణ్యం. అయితే దెబ్బ తిన్నవాడు మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే అది సంధి. నలుగురు పెద్దలు కూర్చుని బలహీనుని చేత వేలిముద్ర వేయించుకుంటే అది మరో దెబ్బ.

ఆ యువకుడు మొన్న ఇషా తరువాత మళ్లీ వచ్చాడు. ఇప్పుడు మీకు చెప్పిన నా కథ అప్పుడు అతనికి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అక్కడ ఏ భాషలో చెప్పాలి హజ్రత్?" అని అడిగాడు. నీకు వచ్చిన భాషలో చెప్పు అన్నాను. రాసుకున్నది నీకు చదివి వినిపిస్తారు, తేడా ఉంటే సరిచేయమని అడుగు. చూసింది చూశానను, చూడనిది చూడలేదను, గుర్తు లేనిది గుర్తు లేదను. వకీలు గద్దించినా కోపం తెచ్చుకోకు, అది అతని పని. ఎవరైనా బెదిరిస్తే మొదట నాకు కాదు, కోర్టుకు చెప్పు.

వాళ్ల అబ్బాజాన్‌తో కూడా మాట్లాడాను. ఇంకా ఒప్పుకోలేదు. వాయిదా వచ్చే బుధవారం. ఆ ఉదయం మక్తబ్ పిల్లల పాఠం హాఫిజ్ సాబ్ చూసుకుంటారు, నేను అతని వెంట కోర్టు వరకు వెళుతున్నాను. ఆ రోజు అతడు ఏం చూశాడో నేను అడగలేదు, మీరూ అడగకండి. ఇరువైపుల వాళ్లూ ఈ సఫ్‌లలో ఉన్నారని నాకు తెలుసు. బుధవారం లోపల ఆ ఇంటి గడప ఎవరూ తొక్కకుండా ఉంటే, అల్లాహ్ మీకు మేలు చేయుగాక!

ఇప్పుడు సున్నతులు పూర్తి చేసుకోండి. అరబీ ఖుత్బా మొదలవుతుంది.